కోడ్ సాక్ష్యమే, తీర్పు కాదు

(బారిడీహ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



బారిడీహ్‌కు సమీపముననే, నేడు టాటా మోటార్స్ అని పిలువబడు టెల్కో కార్ఖానా ఉన్నది. 1945లో స్థాపితమైన ఆ సంస్థ మొదట రైల్వేలకు ఆవిరి ఇంజన్లను, 1954 నుండి డైమ్లర్-బెంజ్ సహకారముతో డీజిల్ లారీలను నిర్మించినది. ఆవిరి ఇంజన్ లోపమును మన పెద్దలు చెవితో విని, చేతితో తాకి కనుగొనెడివారు. నేటి టపా లారీలో లోపమును ఒక అంకె చెప్పుచున్నది. ఆ అంకెను సరిగా చదువుట మన హక్కులకు సంబంధించిన విషయము.

నేటి డీజిల్ ఇంజన్‌లో పంపు నుండి ఇంధనము ఒక ఉమ్మడి గొట్టమునకు, అక్కడి నుండి ఇంజెక్టర్లకు పోవును. ఆ గొట్టములో పీడనము వేయి బార్లను మించును. సెన్సార్ దానిని కొలిచి, వోల్టేజి రూపమున కంప్యూటరుకు తెలుపును. సంకేతము మరీ తగ్గిన పి 0192, మరీ పెరిగిన పి 0193 నమోదగును. దీపము వెలిగి ఇంజన్ బలము తగ్గును.

కోడ్ చూడగానే సెన్సార్ మార్చుట తగదు. తెగిన తీగ, తుప్పు పట్టిన కనెక్టర్, చెడిన ఎర్త్ కూడ అదే అంకెను చూపగలవు. ముందు కనెక్టర్ చూడవలెను. ఇంజన్ ఆపి, తాళము మాత్రము తిప్పి, 5 వోల్టుల సరఫరాను, ఎర్త్‌ను మీటరుతో పరీక్షింపవలెను. పీడనము లేనపుడు చాల సెన్సార్లలో సంకేతము సుమారు అర వోల్టు ఉండును. ఖచ్చితమైన విలువకు ఆ వాహనపు మాన్యువలే ప్రమాణము. తీగలన్నియు సరిగానున్నపుడే సెన్సార్‌ను అనుమానింపవలెను. పి 0087 వచ్చినచో అది సాధారణముగా పీడనము పడిపోవుటను సూచించును: అప్పుడు ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్ల లీకు చూడవలెను.

ఒక హెచ్చరిక: ఇంజన్ నడుచుచుండగా అధిక పీడనపు గొట్టమును విప్పరాదు. లీకును వ్రేలితో వెదకరాదు. సన్నని ఇంధనధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును; గాయము చిన్నదిగా కనబడినను తక్షణమే శస్త్రవైద్యము అవసరము.

టపా లారీ దారిలో నిలిచినచో సంచులు రైలుకు అందవు. అప్పుడు సంజాయిషీ డ్రైవరు వ్రాయవలసి వచ్చును, మెకానిక్ వ్రాయవలసి వచ్చును. అందుచేత మనము కోరునది ఇది: ప్రతి డిపోలో స్కానరు, మీటరు, తీగల పటము ఉండవలెను, శిక్షణ కార్మికుని భాషలో జరుగవలెను, పరీక్షకు తగిన సమయమీయవలెను. పరీక్షల ఫలితము వ్రాతలో లేనిదే, కేవలము ఒక కోడ్‌పై ఆధారపడి ఎవరికిని ఛార్జిషీటు ఇయ్యరాదు.

యంత్రము చెప్పినది విందము, పరీక్షించి నిర్ణయింతము.