రియాక్టరు దగ్గర్నుంచి విరాళాల కార్యాలయానికి
(జనగామలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుకున్న స్త్రీ ఉద్యోగం మారితే ‘ఆమెకదే నచ్చింది’ అని తేల్చేస్తాం. అందులో ఇష్టమెంత, గత్యంతరం లేకపోవడమెంత అన్నది ఎవరూ అడగరు.

2016లో పాత వరంగల్ నుంచి విడిపోయిన ఈ మూడు జిల్లాల్లో కెమిస్ట్రీ చదివిన స్త్రీలతో మాట్లాడుతున్నాను. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకామె సంగతి చెప్తాను, పేరు వద్దంది. ఎమ్మెస్సీ చేసి ఒక మందుల కంపెనీలో చేరింది. ప్రొడక్షన్ అడిగితే క్వాలిటీ ల్యాబులో వేశారు. రియాక్టరు దగ్గర రాత్రి షిఫ్టులుంటాయి, ఆడపిల్లకెందుకన్నారట. పై ఉద్యోగాలకు మాత్రం ప్రొడక్షన్ అనుభవం కావాలి! బిడ్డ పుట్టాక మానేసింది. ఇప్పుడొక ప్రైవేటు యూనివర్సిటీలో కంపెనీల నుంచీ పాత విద్యార్థుల నుంచీ విరాళాలు సేకరించడం ఆమె పని.

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ సాయంత్రం 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలతో పని చేయించరాదంది. రక్షణ పేరుతో పెట్టిన ఈ నిషేధాన్ని 2000లో మద్రాసు హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమంది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్ స్త్రీ సమ్మతి, భద్రతా ఏర్పాట్లు ఉంటే రాత్రి పనికి ఒప్పుకుంటోంది. సరే, తలుపు తెరిచారు. రాత్రి రెండింటికి ఏడ్చే పిల్లను ఎత్తుకునేదెవరో ఏ కోడూ చెప్పదు.

భూపాలపల్లి దగ్గర చెల్పూరు థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి చోట బాయిలరు నీటిని రాత్రీ పగలూ పరీక్షించాల్సిందే. నేను కలిసిన అమ్మాయిలకు ఆ పని చదువు వచ్చు. ఇంటి నుంచి రాత్రిపూట పోయి వచ్చే దారే లేదు.

విరాళాల పనిని నవ్వుతూ మాట్లాడే పని అనుకుంటారు. ల్యాబుకు ఏ యంత్రం కావాలో, దాని నిర్వహణకు ఏటా ఎంతవుతుందో కంపెనీవాళ్ళకు లెక్కకట్టి చెప్పేది ఈమె కెమిస్ట్రీయే. జీతం దగ్గర మాత్రం ఆ అనుభవాన్ని సున్నా కట్టారు.

1901లో బెంగాల్ కెమికల్స్ స్థాపించిన ప్రఫుల్ల చంద్ర రాయ్, అరవై ఏళ్ళు నిండాక తన జీతాన్ని కలకత్తా విశ్వవిద్యాలయానికే ఇచ్చేశాడు. మహానుభావుడే. ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష ఇచ్చిన జయపూర్ మహారాజు విక్రమదేవ వర్మ పేరు అక్కడి సైన్సు కళాశాలకుంది. ఇచ్చినవాళ్ళ పేర్లు గోడలకెక్కుతాయి. తిరిగి తిరిగి అడిగినవాళ్ళవి ఎక్కవు.

ఇంకో పేచీ ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఎక్కడన్నది వాళ్ళిష్టం. పేరు చెక్కిన ల్యాబుకు డబ్బొస్తుందనీ, ఆడపిల్లల హాస్టల్లో నీళ్ళకూ రాత్రి బస్సుకూ రాదనీ ఆమే చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి పడితే ప్రభుత్వాన్ని నిలదీస్తాం, ధర్నా చేస్తాం. దాత స్కాలర్‌షిప్ ఆపేస్తే ఎవరి గేటు ముందు కూర్చోవాలి? అందుకే విరాళాలను కాదనను గానీ, ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి అవి సాకు కావడాన్ని ఒప్పుకోను.

ఉద్యోగం వదిలిన, మారిన స్త్రీల వివరాల కోసం ప్రశ్నాపత్రాలు తెచ్చాను. భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్ళు భోజనాలయ్యాక కాసేపు ఆగండి. చెల్పూరు షిఫ్టుల బస్సు గురించి అర్జీ అక్కడే రాద్దాం.