సాన అదే, రాయి వేరు

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాలు సానపట్టే కార్ఖానాలకు పేరుపొందింది. వజ్రాల నగలకు అతిపెద్ద మార్కెట్టు అమెరికా. 2008లో అక్కడ ఆర్థిక సంక్షోభం రాగానే సూరత్‌లో చిన్న కార్ఖానాలు ఎన్నో మూతపడ్డాయి. పనివారు సౌరాష్ట్రలోని స్వగ్రామాలకు తిరిగి వెళ్లారు.

తరువాతి కాలంలో ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు వచ్చాయి. అవీ కర్బనమే, గట్టిదనమూ అంతే. కనుక పాత సాన చక్రం, పాత పనితనం వీటికీ సరిపోయాయి. 2023-24 కేంద్ర బడ్జెట్టులో వీటి విత్తనాలపై (విత్తనమంటే పలుచని వజ్రపు పలకే!) దిగుమతి సుంకం తొలగించారు.

అయితే వీటి ధర వేగంగా పడిపోయింది. రాయి సొంతానికి కొని నిల్వ చేసిన యజమానికి ఆ నిల్వే నష్టం. కాబట్టి ఎంత కొనాలి, ఎంత కూలికి సానపట్టాలి అన్నది అతడు తరచుగా లెక్క చూసుకోవాలి. కూలిపనిలో ధర దెబ్బ నేరుగా తగలదు. కాని రాయి చవకైతే సానకూలి తగ్గించమనే బేరమూ మొదలవుతుంది.