విద్యార్థుల సోదర సంఘము - దాని లక్ష్యము
(డోర్నకల్లులో విద్యార్థుల సభయందు చేసిన ఉపన్యాసము)



మీ కళాశాలయందు నూతనముగా నొక సంఘమును నెలకొల్పుచున్నారనియు, దాని లక్ష్యమును నిర్ణయించుకొనుటకు ముందు మా మాటయు వినదలంచితిరనియు తెలిసి మేము సంతసించితిమి. ఈ సభ డోర్నకల్లులో జరుగుట మాకు మిగుల ఉచితముగా తోచుచున్నది. ఇది కూడలి స్టేషను. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుదారి నుండి కొత్తగూడెపు బొగ్గుగనుల వైపునకు ఒక శాఖ ఇచ్చటనే చీలుచున్నది. నానా గ్రామములవారు ఇచ్చట కలిసికొందురు. బండి రాగానే విడిపోవుదురు. కళాశాలయు నట్టి కూడలియే. మూడేండ్లు ఒక్క బల్లపై కూర్చున్నవారు నాల్గవయేట ఎవరి దారిని వారు పోవుదురు. విడిపోయిన పిదపగూడ వారిని కలిపియుంచునది ఏది? మీరు వెదకుచున్న లక్ష్యము ఈ ప్రశ్నకు సమాధానము కావలయును.

ఇట్టి సంఘములు పుట్టుటను మేము పెక్కుమారులు చూచితిమి. తొలిసభలో ఉత్సాహము పొంగిపొరలును. మాటకారియైన యొక పెద్ద విద్యార్థి లేచి సేవ, సౌభ్రాత్రము, విజ్ఞానవ్యాప్తి యని నాలుగు గంభీరపదములు వ్రాసి చదువును. అందరును చప్పట్లు కొట్టుదురు. ఆ కాగితమును అచ్చువేసి గోడకు తగిలింతురు. మరుసటి సంవత్సరమున అందేమున్నదని యడిగిన చెప్పగలవాడుండడు. ఆ పదములలో దోషము లేదు. అవి ఒకని నోట పుట్టి మిగిలినవారి చెవిని పడినవే కాని, అందరును ఆలోచించి ఒప్పుకొన్నవి కావు. తలయూచినంత మాత్రమున ఎవడును బరువు మోయడు. తాను గూడ కూర్చుండి తూచిన బరువునే మోయును.

మన తెలంగాణ చరిత్రము నుండియే ఒక ఉదాహరణమును చెప్పెదము. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార సభ జరిగెను. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా కొందరు కేకలువేసి అవమానించిరి. ఆ అవమానము వలన తెలుగువారు కొందరు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణముగా నుండిరి. వారు కోపముతో సభ విడిచి పోయినను తప్పుపట్టువారు లేకుండిరి. కాని వారు తమ లక్ష్యమును పనులుగా విడదీసిరి. గ్రంథాలయములు, పాఠశాలలు స్థాపించుట, విద్యార్థులకు సహాయము చేయుట, తాళపత్రములను శాసనములను సేకరించుట, చిన్న పుస్తకములను ప్రకటించుట మొదలగునవి వారి నియమములలో చేరెను. ప్రతి సభ్యుడును తాను చేయదగిన పని యొకటి అందు చూచుకొనగలిగెను. అందువలననే కొలదిమందితో నారంభమైన యా సంఘము 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభగా సమావేశము కాగలిగెను.

లక్ష్యమునకు మూల్యము చెల్లింపవలసిన దినమును వచ్చును. 1938లో ఉస్మానియా వసతిగృహములయందు విద్యార్థులు వందేమాతరగీతమును పాడరాదని అధికారులు నిషేధించిరి. విద్యార్థులు లొంగలేదు. పెక్కండ్రు బహిష్కృతులైరి. చదువు చెడుననియు, తలిదండ్రులు దుఃఖింతురనియు వారెరుగుదురు. నాగపుర విశ్వవిద్యాలయమువారు వారిని చేర్చుకొని యాదరించిరి. వరంగల్లున చదువుచుండిన పి.వి.నరసింహారావుగారు అట్లు నాగపురమునకు పోయినవారిలో నొకరు. ఆనాడు వారిని కలిపియుంచినది గోడకు తగిలించిన కాగితము కాదు. ఒకని కష్టము అందరిదియని వారు ముందే యంగీకరించియుండుట.

ఇక ఈ ఊరి సంగతియే చూడుడు. వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు తిరునెల్వేలి సీమలో పుట్టి, యువజన క్రైస్తవ సమాజమునకు కార్యదర్శిగా పనిచేసి, 1912లో డోర్నకల్లు బిషప్పుగా నియమితులైరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవినందిన తొలి భారతీయుడాయనయే. అంతకు రెండేండ్లకు పూర్వము, 1910లో ఎడింబరో మహాసభయందు ఆయన పాశ్చాత్యుల యెదుట నిలిచి, మీ త్యాగమును ధనమును మేమెరుగుదుము, మాకు కావలసినది మీ స్నేహము అను భావమును నిర్భయముగా ప్రకటించెను. దయచూపువాడు పైన నుండును. స్నేహితుడు ప్రక్కన కూర్చుండును. మత మేదైనను ఈ భేదము మీరు మరువరాదు. 1939లో పూర్తియైన యిచ్చటి పెద్ద దేవాలయమున హిందూ మండపముల తీరును, మహమ్మదీయ కట్టడముల తీరును కలిసియున్నవి. ఈ ఊరివారు దినదినము చూచు ఆ కట్టడమును మీరు మరొక్కమారు నిదానించి చూడుడు.

ఇంతయు చెప్పుటకు కారణమున్నది. నేటి కళాశాలలలో సోదర సంఘమను పేరు పెట్టుకొని, కులమునకొక గుంపు, ఊరికొక గుంపుగా చీలుట మేము చూచుచున్నాము. పూర్వము వసతి దొరకని పల్లెబాలురకై హైదరాబాదులో ఆయా సంఘములవారు వసతిగృహములు కట్టించిరి. 1918లో నెలకొన్న రెడ్డి వసతిగృహ మట్టిది. వానివలన మేలుపొందినవారు కృతజ్ఞులు కావలసినదే. కాని ఒక గదిలో పండుకొనుటకు పెట్టిన గోడ, ఒక పంక్తిలో కూర్చుండుటకు అడ్డము కాగూడదు. అట్లే సోదరుడను మాట సోదరికి తలుపు మూయరాదు. మీ తరగతిలో కూర్చున్న ఆడుబిడ్డకు మీ సంఘములో చోటులేకున్న ఆ సంఘము సగమే.

క్రొత్తవారిని హింసించు దురాచారము మరియొకటి. అమెరికా కళాశాలలలో 1776 నుండియు సోదర సంఘములున్నవి. వాని వలన జీవితాంత స్నేహములును కలిగినవి, ప్రవేశపరీక్షల పేరిట జరిగిన క్రూరచేష్టల వలన ప్రాణములును పోయినవి. మన రాష్ట్రమున ర్యాగింగును నిషేధించుచు 1997లోనే చట్టము చేయవలసివచ్చెను. భయముతో చేరినవాడు మరుసటి యేట భయపెట్టుటనే నేర్చుకొనును.

కావున మా సూచన లివి. మొదట, మాటకారులు మౌనము వహింపుడు. ప్రతి సభ్యుడును ఈ సంఘము వలన తానేమి కోరునో, దానికేమి ఇయ్యగలడో ఒక చీటిపై వ్రాయవలయును. ఎన్నడును నోరు విప్పనివాని చీటిని ముందు చదువుడు. పిమ్మట మూడు పనులను మాత్రమే ఎన్నుకొనుడు. పల్లెబాలురకు దరఖాస్తులు నింపిపెట్టుట, చదివిన పుస్తకములను క్రిందితరగతివారికి చేర్చుట, జబ్బుపడినవానికి పాఠములు వ్రాసియిచ్చుట వంటి చిన్న పనులైనను చాలును. ఒక్కొక్క పనికి బాధ్యు డెవడో, గడు వెప్పుడో వ్రాసికొనుడు. సంవత్సరాంతమున చేసినదియు చేయనిదియు బహిరంగముగా చదువుడు. క్రొత్తవారు చేరిన దినమున ఆ లక్ష్యమును వారి యెదుట నుంచి, మార్చు హక్కును వారికి గూడ నిండు.

చివరి మాట విన్నది కష్టముగా తోచవచ్చును. తాము వ్రాసినదానిని నిన్న వచ్చినవాడు దిద్దుట పెద్దలకే రుచింపదు. కాని మీరు ఈ స్టేషనున బండి యెక్కి పోయిన పిదప సంఘమును నడపవలసినవాడు ఆ నిన్న వచ్చినవాడే. వానిని నమ్ముడు. మీ యత్నము సఫలమగుగాక!