మీట ఎవరి చేతిలో, మాట ఎవరి నోట?

(మహిళా సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



రేడియో అనగానే మనలో చాలామందికి చిన్నతనం గుర్తుకొస్తుంది. మా ఇంట్లో రేడియో ముందు గదిలో, గోడకు కొట్టిన ఎత్తైన చెక్క మీద ఉండేది. పోస్టాఫీసులో కట్టే లైసెన్సు నాన్న పేరున ఉండేది. మీట తిప్పే అధికారమూ ఆయనదే. అమ్మ వంటింట్లోంచే వినేది. వార్తలు కాగానే నాన్న కట్టేస్తే, ఆ తర్వాత వచ్చే నాటకం ఆమెకు దక్కేది కాదు. "కాసేపు ఉంచండి" అని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. నేను చెప్పదలుచుకున్నది అక్కడే మొదలవుతుంది.

మన ప్రసార చరిత్రలో మైలురాళ్లు చాలానే ఉన్నాయి. 1938లో మద్రాసు కేంద్రం మొదలయింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకు రేడియో అన్నయ్య, అక్కయ్య అయ్యారు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ చేరింది. అందులో మన పల్లెలూ ఉన్నాయి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ప్రారంభమయింది.

ఇవన్నీ తీపి గుర్తులే. అయితే మా ఊళ్లో మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం వచ్చే వేళకు నాట్లు వేసే ఆడవాళ్లు బురదలో వంగి ఉండేవారు. ఆ స్త్రీల కార్యక్రమం ఏ స్త్రీల కోసం? ఈ ప్రశ్న అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

1995 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రసారాల తగాదా మీద తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట అన్నది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. అయినా స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవడానికి ప్రభుత్వం 2006లో గాని అనుమతించలేదు.

జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు అప్పటిదాకా చేతులు ముడుచుకు కూర్చోలేదు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల సభ్యులైన వీళ్లు, లైసెన్సు లేకపోయినా ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం కూటాల్లో వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, అల్గోలె నర్సమ్మ దాన్ని నడిపారు. విత్తనాలు, జొన్నలు, పండుగ పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. ప్రసారం సాయంత్రం పెట్టుకున్నారు, పొలం నుంచి ఇల్లు చేరాక వినేందుకు. వేళ నిర్ణయించినవాళ్లకు కూలి పని తెలుసు మరి! నా దృష్టిలో మైలురాయి అంటే అది.

కాని పోరాటం పూర్తి కాలేదు. 2006 నాటి విధానం ఇలాంటి రేడియోలకు సొంత వార్తలు చెప్పే హక్కు ఇవ్వలేదు. పాట పాడవచ్చు, సాగు గురించి చెప్పవచ్చు. ఊళ్లో కూలి ఎగ్గొట్టిన సంగతిని వార్తగా చదవడానికి మాత్రం వీల్లేదు. తరంగాలు ప్రజల ఆస్తి అయితే ఈ అడ్డు ఎందుకు? ఈ హక్కు కోసం మనం గట్టిగా అడగాలి.

అడగడం ఇంటి నుంచే మొదలుపెడదాం. అమ్మ అడగలేకపోయింది. ఆ ఎత్తైన చెక్కను మనం కిందికి దించుకోవాలి.