తోలు పని కావాలి, చెరువూ కావాలి
(ప్రసంగ పాఠం)



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 దాకా వరంగల్ జిల్లాలోనివే. మన పల్లెల్లో మాదిగ కుటుంబాలు లందల్లో తోళ్లు నానబెట్టి, సున్నంతో వెంట్రుక తీసి, తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవి. ఊరంతా ఆ చెప్పులే తొడుక్కుంది. కంపు పేరు చెప్పి ఆ మనుషులను మాత్రం ఊరి బయట ఉంచింది. అందుకే ముందుగా ఒక మాట. నేను మాట్లాడబోయేది కులం అంటగట్టిన మైల గురించి కాదు, క్రోమియం గురించి. ఈ రెంటినీ కలిపేవాళ్లను మనం ఒప్పుకోకూడదు.

ఇవాళ ఎక్కువ తోలు క్రోమియం లవణంతోనే పదునవుతోంది. కిలో పచ్చితోలుకు 30, 40 లీటర్ల నీళ్లు పడతాయి. వేసిన క్రోమియంలో 60, 70 శాతమే తోలు పట్టుకుంటుంది. మిగిలినది ఉప్పుతో, సల్ఫైడుతో కలిసి మురుగులోకి పోతుంది.

అది ఎక్కడికి చేరుతుందో తమిళనాడు చెప్పింది. వెల్లూరు పౌరుల సంఘం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి చెడిందనీ, దిండిగల్ ప్రాంతంలోని 13 గ్రామాల్లో 467 బావులకు 350 పాడయ్యాయనీ, తాగునీటికి ఆడవాళ్లూ పిల్లలూ మైళ్లు నడుస్తున్నారనీ అందులో నమోదైంది. పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని కోర్టు అక్కడే గట్టిపరిచింది.

శుద్ధి అసాధ్యమేమీ కాదు. నీళ్లను మొదట్లోనే వేరు చేయాలి. ఉప్పునీటిని విడిగా ఎండబెట్టాలి. క్రోమియం నీటిలో క్షారం కలిపితే క్రోమియం అడుగుకు దిగుతుంది. దాన్ని ఆమ్లంలో కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. సున్నపు నీటిలోని సల్ఫైడును గాలి పంపి తగ్గించాలి. మిగిలిన మురుగును సూక్ష్మజీవులతో శుద్ధి చేయాలి. బయటికి వదిలే లీటరు నీటిలో మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు దాటకూడదు.

శుద్ధి కేంద్రం కట్టినంత మాత్రాన పని అయిపోదు. 2015 జనవరిలో రాణిపేటలో అటువంటి కేంద్రంలోనే బురద తొట్టి గోడ కూలి, నిద్రిస్తున్న కూలీలు పదిమంది చనిపోయారు. బురద ఎక్కడ పెడతారు, తొట్టిలోకి ఎవరిని దింపుతారు అన్నది కూడా హక్కుల ప్రశ్నే.

స్టేషన్ ఘన్‌పూర్‌లో లెదర్ పార్కు అన్న మాట ఏళ్లుగా వింటున్నాం. మన పిల్లలకు పని రావాలి, కాదనను. అయితే తోళ్ల శుద్ధి పరిశ్రమకు 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. ప్రజాభిప్రాయ సేకరణ జరిపేట్టయితే కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ సభకు మనం వెళ్లాలి, ముందు వరసలో కూర్చోవాలి. క్రోమియం నీళ్లు వేరుగా పోతాయా? బురద ఎక్కడికి? శుద్ధి ఖర్చు ఎవరిది? మన బావుల నీటిని ఎవరు పరీక్షిస్తారు, ఫలితం తెలుగులో చెబుతారా? జవాబులు కాగితం మీద రాయించుకోవాలి.

బతుకుతెరువా, నీళ్లా తేల్చుకోమని ఎవరైనా అంటే, రెండూ మావేనని చెప్పండి.