పాత పికప్ బండి మిస్ కొడుతుంటే ఏం చూడాలి?



చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి వైపుల నుంచి టమాటా, ఆకుకూరలు, పూలు వేసుకుని తెల్లవారకముందే పట్నానికి బయలుదేరే బండ్లు చాలా ఉన్నాయి. మెహిదీపట్నం రైతుబజారు దాకా దారి బండిని అంతగా కష్టపెట్టదు. అక్కడి నుంచి టోలీచౌకి, షేక్‌పేట మీదుగా ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ వైపు తిరిగితే ఎత్తు మొదలవుతుంది. అదంతా రాతి గుట్టల నేల. రామానాయుడు స్టూడియో కూడా అలాంటి గుట్ట మీదనే ఉన్నది. ఊరి నుంచి బాగానే వచ్చిన పాత బండి సరిగ్గా ఆ ఎత్తు మీదకు రాగానే గుడుక్కు గుడుక్కుమంటూ కుదుపుతుంది. పుల్లింగు పోతుంది. వెనుక హారన్లు, పైన ఎండ, బండిలో వాడిపోతున్న పాలకూర. షూటింగులకు సామాను మోసే పాత బండ్ల డ్రైవర్లకు కూడా ఇది తెలిసిన కష్టమే. దీన్నే మెకానిక్కులు మిస్ కొట్టడం అంటారు.

ముందుగా ఒక మాట. ఎత్తు బండిని చెడగొట్టదు. అప్పటికే ఉన్న జబ్బును బయటపెడుతుంది, అంతే. ఆ జబ్బు ఎక్కడున్నదో తెలుసుకోకుండా సామాను మార్చుతూ పోతే డబ్బు పోతుంది గాని జబ్బు పోదు. ఆకు పసుపు పచ్చగా కనపడగానే యూరియా చల్లేవారిని మనం వారిస్తాము గదా! నత్రజని తక్కువైనా ఆకు పచ్చబడుతుంది, వేరు దగ్గర నీళ్లు నిలిచినా పచ్చబడుతుంది. ఇంజను సంగతీ అంతే.

మన పికప్ బండ్లలో ఎక్కువ భాగం 4 సిలిండర్ల డీజిలు ఇంజన్లు. ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కొక్క సిలిండరు ఒక్కసారి మండుతుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కో సిలిండరు నిమిషానికి 1000 సార్లు మండాలన్నమాట. అందులో ఒకటి మండటం మానేస్తే మిగతా మూడే భారమంతా లాగాలి. జతలో ఒక ఎద్దు కాడి వదిలేస్తే రెండోది పడే అవస్థ వంటిది ఇది.

డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమితే అది బాగా వేడెక్కుతుంది, ఆ వేడిలో డీజిలు చిమ్మితే అంటుకుంటుంది. కాబట్టి సిలిండరు మండకపోవటానికి ముఖ్యంగా మూడే కారణాలు: డీజిలు సరిగా అందకపోవటం, గాలి సరిగా అందకపోవటం, లేదా అదుము, అనగా కంప్రెషన్, పోవటం. ఏది చూసినా ఖర్చు లేని దానితో మొదలుపెట్టి ఖర్చయ్యే దాని వైపు వెళ్లాలి.

మొదటిది, మిస్ ఎప్పుడు కొడుతున్నదో గమనించండి. పొద్దున స్టార్టు చేసినప్పుడు మాత్రమే కొట్టి, వేడెక్కాక సర్దుకుంటే, హీటరు ప్లగ్గులున్న ఇంజన్లలో ముందు వాటిని చూడాలి. కంప్రెషన్ కొంత తగ్గినా ఇలాగే ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు బాగుండి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే కొడితే డీజిలు చాలటం లేదని ముందుగా అనుమానించండి. ఎప్పుడూ ఒకే లయలో, మూడు దెబ్బలు పడి నాలుగోది తప్పినట్లు వినిపిస్తే, ఒక సిలిండరులోనే లోపమున్నదని తెలుసుకోవచ్చు.

రెండవది, పొగ రంగు. కళ్లు మండించే తెల్లని పొగ వస్తే మండని డీజిలు బయటకు పోతున్నట్లు. నల్లని పొగ వస్తే గాలి తక్కువైనట్లు, లేదా నాజిలు కారుతున్నట్లు. ఎయిర్ ఫిల్టరు విప్పి దుమ్ము చూడండి. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్లు.

మూడవది, డీజిలు వచ్చే దారి. ఫిల్టరు కింది స్క్రూ తిప్పి, కొంచెం డీజిలును గాజు గ్లాసులోకి వదలండి. అడుగున నీటి పొర గాని, మడ్డి గాని కనిపిస్తే సగం సంగతి తేలినట్లే. ఫిల్టరు ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చవలసిన రోజు వచ్చిందనే అర్థం. తరువాత పైపులు, వాషర్లు చూడండి. చిన్న చీలిక ఉంటే డీజిలు బయటకు కారకపోయినా గాలి లోపలికి పోతుంది. గాలి పట్టిన ఇంజను ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతూ తడబడుతుంది. అప్పుడు ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేసి, నురుగు లేని డీజిలు వచ్చేదాకా చేతి పంపు కొట్టి, స్క్రూ మళ్లీ బిగించాలి.

మా ప్రాంతంలో ఒక టమాటా రైతు బండి ఇలాగే ఎత్తు మీద మిస్ కొట్టింది. ఒక షెడ్డులో ఇంజను మొత్తం విప్పాలన్నారు. ఆ ఖర్చు విని, బండి అమ్మేద్దామనుకున్నాడాయన. నీటి గ్లాసంత డీజిలు తీసి చూస్తే అడుగున నీళ్లు. పశువుల కొట్టం పక్కన నిలబెట్టిన డీజిలు డ్రమ్ము మూత మీద వాన నీరు నిలిచి, కొంచెం కొంచెంగా లోపలికి దిగింది. ట్యాంకు కడిగించి, ఫిల్టరు మార్చి, గాలి తీయించేసరికి బండి దారిన పడింది. జబ్బు ఇంజనులో లేదు, కొట్టం పక్కన ఉన్నది!

ఇవన్నీ బాగుండి కూడా మిస్ పోకపోతే, నాలుగవది, ఏ సిలిండరో కనిపెట్టాలి. పాతకాలపు మామూలు పంపు ఉన్న ఇంజనులో అనుభవమున్న మెకానిక్కు, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా, ఒక్కొక్క నాజిలు పైపు నట్టును గుడ్డ కప్పి అర చుట్టు వదులు చేసి మళ్లీ బిగిస్తాడు. మంచి సిలిండరు నట్టు వదిలితే ఇంజను శబ్దం వెంటనే మారి, కుంటుతుంది. పనిచేయని సిలిండరు నట్టు వదిలితే ఏ మార్పూ ఉండదు. దొంగ దొరికినట్లే.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి మరచిపోవద్దు. కామన్ రైల్ ఇంజన్లలో ఈ పరీక్ష ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. భారత్ స్టేజ్ 4 ప్రమాణం 2017 ఏప్రిల్‌లోనూ, భారత్ స్టేజ్ 6 ప్రమాణం 2020 ఏప్రిల్‌లోనూ దేశమంతటికీ వచ్చాయి. ఆ తరువాతి డీజిలు బండ్లలో చాలా భాగం కామన్ రైల్‌వే. అంతకుముందువి కూడా కొన్ని ఉన్నాయి. బండి టైరులో గాలి ఒత్తిడి 3, 4 బార్లుంటే, ఆ పైపులో డీజిలు ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇటువంటి బండ్లకు స్కానరు పెట్టించండి. పి 0301 అని వస్తే 1వ సిలిండరు, పి 0302 అయితే 2వది. పి 0300 అంటే ఏదో ఒకటని తేలకుండా మిస్ కొడుతున్నదని అర్థం.

అయిదవది, అదలు బదలు. పాత ఇంజనులో పనిచేయని సిలిండరు నాజిలు తీసి పక్క సిలిండరుకు, పక్కదాన్ని దీనికి వేయించండి. కొత్త రాగి వాషర్లు వేయాలి సుమా. మిస్ నాజిలుతో పాటు పక్కకు పోతే లోపం నాజిలుదే. ఆ ఒక్కటి బాగు చేయిస్తే చాలు, నాలుగూ మార్చనక్కరలేదు. మిస్ పాత చోటనే ఉంటే పంపునూ, కంప్రెషన్‌నూ చూడాలి. ముందు ట్యాపెట్ల సందు చూపించండి. సందు బొత్తిగా లేకపోతే వాల్వు మూసుకోక అదుము పోతుంది. పక్కపక్కనున్న 2 సిలిండర్లు ఒకేసారి మిస్ కొట్టినా, రేడియేటరులో బుడగలు వచ్చినా, హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత ముట్టుకోవద్దు. ఇంజను విప్పే మాట, గేజితో నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి, తేడా మీరు కళ్లారా చూసిన తరువాతనే.

పెట్రోలు బండి ఉన్నవారు ఇంజను ఆపి, అనుమానమున్న ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి చూడండి. తరువాత కాయిలు, తీగలు. మిస్ కొడుతున్న పెట్రోలు బండిని అలాగే నడిపితే మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడుండే కేటలిటిక్ కన్వర్టరు కాలిపోతుంది. చిన్న ఖర్చు పెద్దదవుతుంది.

ఇక రాకుండా చూసుకోవటం మన చేతిలో ఉన్నది. డీజిలు డ్రమ్మును కప్పు కింద ఉంచండి. పోసిన వెంటనే తీయక, అడుగు మడ్డి తేరుకోనివ్వండి. వడకట్టి పోయండి. చలికాలంలో ట్యాంకు ఖాళీగా రాత్రంతా వదలవద్దు, లోపల చెమ్మ నీరవుతుంది. ఈ మాటలు ట్రాక్టరుకూ, డీజిలు పంపుసెట్టుకూ కూడా వర్తిస్తాయి.

ఎత్తు మీదనే బండి మొరాయిస్తే పక్కకు తీసి, హ్యాండు బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు రాయి పెట్టండి. ఆ తరువాతనే బానెటు ఎత్తండి. సిగరెట్టు, బీడీ దగ్గరకు రానివ్వవద్దు. సరుకు వేరే బండిలోకి ఎక్కించి ముందు అంగడికి పంపండి. ఇంజను రేపైనా బాగవుతుంది, ఆకుకూర రేపటిదాకా ఆగదు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. రైతుల సమావేశాల్లో తెగుళ్ల గురించి చెప్పేటప్పుడు ఈ గాజు గ్లాసు పరీక్ష కూడా ఒకసారి చేసి చూపించండి. అయిదు నిమిషాల పని. పండించిన పంట అంగడికి చేరితేనే గదా రైతుకు ఫలం!