తెరకు తగిన తీగ

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



గ్రామసభలో పంచాయతీ జమాఖర్చులను ప్రజల కన్నులయెదుట నుంచుట మన ధర్మము. నేడు కొన్ని గ్రామములలో ఆ లెక్కలను ల్యాప్‌టాపు నుండి తెరపై చూపుచున్నారు. నేను హాజరైన ఒక సభలో ల్యాప్‌టాపు కలదు, ప్రొజెక్టరు కలదు, విద్యుచ్ఛక్తి కలదు. కాని రెంటిని కలుపు తీగ కుదరలేదు. గంటసేపు వేచి జనులు లేచిపోయిరి. “లెక్క చూపుట యిష్టము లేక పన్నిన నెపము” అని కొందరనుకొనిరి. లోపము చిన్న వస్తువుది. పోయినది ప్రజల విశ్వాసము.

కావున కొనుటకు ముందు రెండు యంత్రముల పోర్టులను పరిశీలింపుడు. మూడు వరుసలలో 15 రంధ్రములున్నది వి.జి.ఎ. 1987లో వచ్చిన ఈ పద్ధతి బొమ్మను మాత్రమే కొనిపోవును. ధ్వనికి వేరు తీగ కావలెను. వెడల్పుగా, పలుచగా, క్రింది రెండు మూలలు వాలుగా నున్నది హెచ్.డి.ఎం.ఐ. దీనిలో బొమ్మయు ధ్వనియు ఒకే తీగపై పోవును. నేటి టెలివిజన్లలో నిదియే సాధారణము. ఒక్క మూల మాత్రమే వాలియున్నచో అది డిస్‌ప్లే పోర్టు. రెండు చివరలు గుండ్రముగా నుండు చిన్న యు.ఎస్.బి.-సి పోర్టు అన్ని ల్యాప్‌టాపులలోను బొమ్మను పంపదు. యంత్రముతో వచ్చిన పుస్తకము చూచి తెలిసికొనవలెను.

ల్యాప్‌టాపునకు హెచ్.డి.ఎం.ఐ., ప్రొజెక్టరునకు వి.జి.ఎ. మాత్రమే యున్నచో వట్టి తీగ చాలదు. మొదటిది బొమ్మను అంకెల రూపమున పంపును; రెండవది ఎక్కుచు తగ్గుచుండు విద్యుత్తు రూపమున గ్రహించును. నడుమ కన్వర్టరు కావలెను. “హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఎ.కు” అని దుకాణదారునికి స్పష్టముగా చెప్పుడు. ఎదురుదిశకు చేసినది పనికిరాదు. ఆ గ్రామమున జరిగిన పొరపాటు ఇదియే.

పిదప దూరమును తాడుతో కొలువుడు. రెండు మూడు మీటర్లకు మామూలు తీగ చాలును. 15 మీటర్లు దాటినచో మామూలు హెచ్.డి.ఎం.ఐ. రాగి తీగపై బొమ్మ తెగిపోవచ్చును. అట్టి దూరమునకు ఆప్టికల్ ఫైబరు తీగ మేలు. దానిలో ఏ కొన ల్యాప్‌టాపునకో, ఏ కొన తెరకో గుర్తులుండును. వాటిని తారుమారు చేయరాదు. కొనలకు బంగారు పూత యున్నదని అధిక ధర చెల్లింపకుడు. దానివలన బొమ్మ స్పష్టత పెరుగదు.

సభకు ముందునాడే అన్నియు కలిపి చూడుడు. లెక్కల కాగితమును నోటీసు బోర్డుపై అంటించుట మాత్రము మానకుడు. తెర వెలుగకున్నను లెక్క ప్రజలకు కనబడవలెను గదా!

జై హింద్.